నీటి గీతకు పైన: మా కారు షెడ్డు డైరీ

2025 నవంబరు 2, ఆదివారం

కారు సీట్లు డాబా మీద ఎండుతున్నాయి. కింది మ్యాటు పిండితే ఇంకా బురద నీళ్లే వస్తున్నాయి. మొన్న బుధవారం మోంథా తుపాను వానకు హనుమకొండలో మా గల్లీ మోకాలి లోతు మునిగింది. కారు ఎప్పట్లాగే ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది. అదే టైంలో రోడ్డుకు 14 అంగుళాల ఎత్తున, షట్టరేసిన షెడ్డులో హాయిగా ఉన్నవేంటయ్యా అంటే: రెండు పాత టైర్లు, పగిలిన కూలరు, డబ్బా టీవీ, మూడు గోనె సంచుల నిండా నేను ఎంసెట్‌కు చదివిన పుస్తకాలు, ఊరి నుంచి వచ్చిన గుంటుక. ఆరు లక్షల కారు రోడ్డు మీద మునిగింది. ఆరు వేలు పలకని సామాను ఇంట్లో ఉంది.

2001లో ఇల్లు కట్టినప్పుడు బాపుకు ఉన్నది ఒక్క స్కూటరు. అయినా "కొడుకు ఎప్పటికైనా కారు కొంటడు" అని పదడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవున షెడ్డు కట్టించాడు. నేను కారు కొనేసరికి పదహారేళ్లు దాటింది. ఖాళీ జాగా అన్నేళ్లు ఖాళీగా ఉంటుందా?

షెడ్డులోకీ నీళ్లొచ్చాయి కానీ ఏడు అంగుళాలే. గోడ మీద మట్టి గీత స్పష్టంగా ఉంది. దానికి పైన ఇంకో గీత, పదకొండు అంగుళాల దగ్గర. అది 2023 జులై 27ది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడ్డ రాత్రి అది. మా మీద అంత పడలేదు, పడ్డదే మాకు ఎక్కువైంది. బాపు రెండు గీతల పక్కనా మేకుతో గీకి తేదీలు రాసిపెట్టాడు. నిన్న దాని ముందు నిలబడి చాలాసేపు చూశా. అట్టపెట్టెలన్నీ కింద పదకొండు అంగుళాల మేర మెత్తబడి బూజు పట్టి ఉన్నాయి. పైభాగం కొత్తదిలాగే ఉంది.

కాబట్టి లెక్క తేలింది. నేల మీద కారు చక్రాలు తప్ప ఏదీ ఉండొద్దు. మిగతాదంతా 18 అంగుళాలకు పైన.

కొలతలు: మా డిజైర్ పొడవు 3995 మిల్లీమీటర్లు, అంటే 13 అడుగుల ఒక అంగుళం. వెడల్పు 1735, అద్దాలు కాకుండా 5 అడుగుల 8 అంగుళాలు. పక్కలకు కలిపి మిగిలేది నాలుగడుగుల చిల్లర. పక్క గోడకు ర్యాకు పెడితే డ్రైవరు డోరు తెరిచి దిగడం కష్టం. వెనక గోడ దగ్గర మాత్రం దాదాపు ఐదడుగులు మిగులుతుంది. అక్కడ 18 అంగుళాల లోతు ర్యాకులు వేసినా మనిషి అటూ ఇటూ తిరగొచ్చు. ర్యాకులు వెనక గోడకే. పక్క గోడలకు గోడను అంటుకొని వేలాడేవి మాత్రమే.

నవంబరు 9

పొద్దున ఏడింటికే మొదలుపెట్టాం. సామానంతా బయటికి తేవడానికే మధ్యాహ్నం రెండైంది. ఇంటి ముందు టార్పాలిన్ పరిచి ఉంచేవి, అమ్మేవి, ఎవరికైనా ఇచ్చేవి, పారేసేవి అని నాలుగు కుప్పలు అనుకున్నా. పదింటికల్లా ఐదోది పుట్టింది: "బాపును అడగాలె." పన్నెండింటికి అదే అన్నిటికన్నా పెద్దది.

గోనె సంచి లేపితే కింద నల్ల తేలు. మా ఆవిడ చెప్పు అందుకునేలోపు అది ఇటుకల సందులోకి పోయింది. ఆ తర్వాత నుంచి చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు. ముందే వేసుకోవాల్సింది.

టైర్లలో నీళ్లు, నీళ్లలో పురుగులు. డెంగీ దోమకు ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. నీళ్లు పారబోస్తే పోయింది కదా అనుకోవద్దు, దాని గుడ్లు టైరు గోడకు అంటుకొని తడి లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. ఒక టైరు పంక్చరు షాపుకు ఇచ్చా. రెండోదాన్ని బాపు రుద్ది కడిగి ఎండబెట్టాడు, "పనుంది దీంతోని" అన్నాడు. ఏం పనో చెప్పలేదు.

వెనక గోడకు ఆనించిన ప్లైవుడ్ షీటు పట్టుకుంటే చేతిలోకి పొట్టులా రాలింది. చెదలు. నేల నుంచి గోడ మీదుగా పెన్సిలంత మందం మట్టి బాటలు వేసుకొని ఎంసెట్ పుస్తకాల దాకా వచ్చేశాయి. ఫిజిక్స్ సగం తిన్నాయి. ఆ సబ్జెక్టు నాకూ సగమే అర్థమైంది. తడి నేల, గోడ, అట్టపెట్టె మూడూ ఒక్కచోట కలిస్తే చెదలను పిలిచి అన్నం పెట్టినట్టే. అట్టపెట్టెలు ఇక బంద్. బాటలన్నీ గీకేసి మందు కొట్టించాం.

రాత్రికి అన్నీ లోపల పెట్టలేక డాబా మీదికి చేర్చాం. నడుము పట్టేసింది.

నవంబరు 12

పాత ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పేరుకుంది. వంట సోడా నీళ్లలో కలిపి పోస్తే బుస్సుమని పొంగింది, ఆసిడ్ అక్కడికి చల్లారినట్టు. పాత సామాన్ల బండికి వేయకుండా బ్యాటరీల షాపుకే తీసుకెళ్లా. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే పూచీ తయారుచేసేవాళ్లదే. కొత్తదాని ధరలో కొంత తగ్గించారు కూడా. పాత సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది కాబట్టి పగలకుండా పేపర్లో చుట్టి చెత్త బండివాళ్లకు విడిగా చెప్పి ఇచ్చా.

నవంబరు 16

పాత సామాన్లు కొనేవాళ్ల ట్రాలీ ఆటో వచ్చింది. చేతిలో వేలాడే ఎలక్ట్రానిక్ కాంటా. మొదటి మూట ఇనుము తూయబోతుంటే బాపు కుర్చీలోంచి "జర ఆగు బిడ్డా" అన్నాడు. లోపలికి పోయి 20 లీటర్ల తాగునీళ్ల క్యాను నిండుగా పట్టుకొచ్చాడు. "ముందుగాల ఇది తూయి."

20 లీటర్ల నీళ్లంటే 20 కిలోలు, పైన డబ్బా బరువు. కాంటా పద్దెనిమిదిన్నర చూపించింది. ఎవరూ ఏం మాట్లాడలేదు. ఆ పిల్లగాడు ఏదో బటన్ నొక్కాడు, రెండోసారి ఇరవైన్నర దాటింది. బాపు క్యాను తీసుకెళ్లి మళ్లీ లోపల పెట్టాడు. మీరూ ఎప్పుడైనా అమ్మితే ఇది చేయండి, తగువు అక్కర్లేదు, నీళ్ల క్యాను ఉంటే చాలు.

ఇనుము 86 కిలోలు, పేపర్లు 54, ప్లాస్టిక్, కూలరు మోటారు అన్నీ కలిపి 3,740 రూపాయలు. డబ్బా టీవీకి విడిగా ఏమీ రాలేదు, తీసుకెళ్లడమే ఎక్కువ అన్నట్టు మాట్లాడారు.

ఇనుము మూటలో తాత వాడిన పెద్ద కాంటా కూడా వేసేశా. ఊర్లో మిరపకాయలు, వడ్లు తూచిన దండె అది. చెక్క పళ్లేలను చెదలు తినేశాయి, మిగిలింది దండె, గొలుసులు. బాపు అప్పుడు చాయ్ తాగడానికి లోపలికి పోయాడు. "బాపును అడగాలె" కుప్పలోంచి తీసి అమ్మే కుప్పలో వేసింది నేనే. అన్నీ అడుగుతూ కూర్చుంటే సంక్రాంతికి కూడా అవదనిపించింది.

అమ్మ మాత్రం ముందే హద్దు గీసింది: "ఇత్తడి గరిటె కూడ గడప దాటొద్దు." గుండి అనే పెద్ద పాత్ర, రెండు కాగులు, బతుకమ్మ పేర్చే తాంబాళాలు, దేవుడి గంట. చింతపండు, ఉప్పుతో తోమి ఎండలో బోర్లించింది. షెడ్డు సామానంతటిలో ముందు సగర్వంగా తలెత్తింది ఇవే. కొత్తవాడలో నేసిన పాత జంపఖానా కూడా ఒకటి బయటపడింది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక) గుర్తింపు వచ్చిన సంగతి ఎలుకలకు తెలియదు కాబట్టి ఒక మూల కొరికేశాయి. ఉతికి ఆరేస్తే ఎరుపూ నలుపూ చారలు ఇంకా దిట్టంగానే ఉన్నాయి. కొరికిన భాగం కోసేసి అంచు కుట్టించింది అమ్మ.

నవంబరు 23

ఈ రోజంతా నట్లు, బోల్టులు. వేరే పని ఒక్కటి కూడా కాలేదు.

మా ఇంట్లో షెడ్డు అంటే రెండు అర్థాలు. ఒకటి ఇది, ఇంకోటి కాజీపేట డీజిల్ లోకో షెడ్డు. బాపు అక్కడ ఫిట్టరు, 2009లో రిటైరయ్యాడు. డబ్ల్యూడీఎం-2 రకం డీజిల్ రైలింజన్లు ఇప్పి బిగించిన చేతులు. ఆయన దగ్గర హార్లిక్స్ సీసాలు, డాల్డా డబ్బాలు కలిపి 41 ఉన్నాయి, అన్నిటి నిండా నట్లు, బోల్టులు, వాషర్లు, స్ప్రింగులు. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని ఆయనే ముందు చెప్తాడు: "లోకో షెడ్డు సామాను ఒక్క వాషరు గూడ ఇంటికి తెచ్చినోణ్ణి గాదు. ఇయ్యన్ని హైదరాబాదు పోయినప్పుడు జుమ్మేరాత్ బజార్ల కొన్నయి."

నేను మొత్తం అమ్మేద్దామన్నా. ఆయన ఒక బోల్టు చేతికిచ్చి, నా కొత్త డబ్బాలోంచి 10 ఎంఎం నట్టు తీసి "ఎక్కియ్యి" అన్నాడు. రెండు చుట్లు సాఫీగా తిరిగింది, తర్వాత బిగుసుకుపోయింది.

"అది మూడు సూత్‌ల బోల్టు. నీది మిల్లీమీటరు నట్టు."

సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు సూత్‌లంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, చూపుకు పదిలాగే ఉంటుంది. కానీ దాని మర అంగుళానికి 16 చుట్లు, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.59 మిల్లీమీటర్లు. 10 ఎంఎం దానికి సరిగ్గా 1.5. ఒక్క చుట్టులో తేడా తెలియదు, మూడో చుట్టుకు మర మీద మర ఎక్కుతుంది. పానా వేసి బలవంతం చేస్తే రెండూ పాడు. ఇరవయ్యేళ్లుగా ఇంట్లో నేను చెడగొట్టిన బోల్టులన్నిటికీ కారణం ఇవాళ తెలిసింది.

అమ్మడమా ఉంచడమా అన్న గొడవ అక్కడితో పక్కకు పోయింది. అసలు చిక్కు రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిసి ఉండటం. బాపు ఒక చెక్క ముక్కకు వరసగా నట్లు బిగించాడు, పై వరుస సూత్‌లు, కింది వరుస మిల్లీమీటర్లు. తెలియని బోల్టును దాంట్లో తిప్పి చూడటమే. మా వాడు, ఎనిమిదో తరగతి, సెల్‌ఫోన్ పక్కన పడేసి మూడు గంటలు అదే పనిలో కూర్చున్నాడు. తుప్పు పట్టినవి, మర పోయినవి తీసేస్తే 41 కాస్తా 16 సీసాలైంది. తీసేసినవి పదకొండు కిలోలు. అవి బాపే స్వయంగా సంచిలో కట్టాడు. నేను కడితే ఊరుకునేవాడు కాదు.

సీసాలను ర్యాకు కింది భాగానికి వేలాడదీయాలని ప్లాను. మూతలను షీటుకు బిగిస్తే సీసా కింది నుంచి తిప్పి ఎక్కించొచ్చు. మూతకు ఒకే స్క్రూ వేస్తే సీసాతో పాటు మూతా తిరుగుతుంది, రెండు వేయాలి. ప్లాస్టిక్ మూతలు పనికిరావు.

డిసెంబరు 7

స్టేషన్ రోడ్డులో స్లాటెడ్ యాంగిల్ (పొడవునా రంధ్రాలున్న ఇనుప పట్టీల) ర్యాకులు తెచ్చాం. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, మూడు సెట్లు, ఒక్కోదానికి నాలుగు షీట్లు. బేరంలో ఒక మాట: గేజ్ నంబరు పెరిగితే రేకు పలచబడుతుంది. 22 గేజ్ షీటు ధర తక్కువ చెప్తారు, ఇత్తడి గుండి పెడితే మధ్యలో కుంగుతుంది. యాంగిళ్లు 14 గేజ్, షీట్లు 20 గేజ్ తీసుకున్నా. మూడు ర్యాకులకు 12,600.

బిగించేటప్పుడు మూలలకు వేసే ముక్కోణం ప్లేట్లు దండగనుకొని మొదటిదానికి వదిలేశా. చేత్తో తోస్తే ఉయ్యాలలా ఊగింది. మళ్లీ ఇప్పి వేశా. కాళ్ల కింద గ్రానైట్ ముక్కలు పెట్టాం, నీళ్లు నిలిస్తే మొదట తుప్పు పట్టేది అక్కడే.

ఇక గోడకు పట్టించడం. డ్రిల్లు అద్దెకు తెచ్చా. 10 ఎంఎం యాంకరు బోల్టు దింపి పానాతో బిగిస్తుంటే గోడలోంచి టప్పుమని శబ్దం. ఇంకో అర చుట్టు తిప్పా. పిడికెడంత ఇటుక పెచ్చు ఊడి బోల్టుతో సహా చేతిలోకి వచ్చింది. రెండోచోట ప్రయత్నించా, అదీ అంతే.

బాపు కుర్చీలోంచి ఇదంతా చూశాడు. రెండోది ఊడాక అన్నాడు: "అది స్లాబుకు, బీముకు కొట్టే సామాను. లోపట ఉబ్బి పట్టుకుంటది. నాలుగున్నర ఇంచుల ఇటుక గోడ ఉబ్బితే ఆగుతదా?"

"మొదలే చెప్పొచ్చు కదా బాపూ!"

"నువ్వు అడిగినవా?"

కాంటా గుర్తొచ్చి నేనింకేం మాట్లాడలేదు.

డిసెంబరు 14

ఆయన ఉపాయమే ఖాయమైంది. గోడ అవతల మన సందే కాబట్టి, రంధ్రం ఆర్‌పార్ వేసి థ్రెడ్ రాడ్ (పొడవునా మర ఉన్న కడ్డీ) దూర్చాలి. అవతలి వైపు నాలుగంగుళాల చదరపు ఇనుప ప్లేటు, వాషరు, నట్టు, అది వదులు కాకుండా దాని మీద చెక్ నట్టు. బరువు ఇటుక లోపల కాక ప్లేటు మీద, అంటే గోడంతటి మీద పడుతుంది. వెల్డింగ్ షాపులో ఆరు ప్లేట్లు కోయించి ఎర్ర ప్రైమరు కొట్టాం. రాడ్ ఏ కొలతదో మీరే ఊహించండి. మూడు సూత్‌లది. నట్లన్నీ హార్లిక్స్ సీసాలోంచే.

రంధ్రం చివరికొచ్చాక డ్రిల్లులో హ్యామర్ ఆపేసి మెల్లగా తిప్పాలి, లేదంటే అవతల ప్లాస్టరు పేలుతుంది. మొదటిదానికి మరిచిపోయా, అవతల పళ్లెమంత పెచ్చు రాలింది. ప్లేటు దాన్ని కప్పేసింది కానీ మొత్తం కాదు. వాన నీళ్లు రాకుండా ప్లేట్ల వెనక సైకిల్ ట్యూబు కోసి వేశాం, చుట్టూ సీలెంట్.

ఇవాళ ర్యాకు పట్టుకొని నేను వేలాడా. కదల్లేదు.

డిసెంబరు 25

సెలవు. సర్దడం.

బరువైనవి కింద, తేలికవి పైన అని అందరికీ తెలుసు. మా ఇంట్లో బరువైనవే ఏడాదికోసారి వాడేవి, ఇత్తడి గుండి లాంటివి. అవి 18 అంగుళాల అరలోకి వెళ్లాయి, నీళ్లు ఇంకా పైకొచ్చినా ఇత్తడికి ఏమీ కాదు. ఎలక్ట్రిక్ సామాను, డ్రిల్లు బిట్లు, పుస్తకాలు పైకి. రోజూ చెయ్యి పెట్టేవి నడుముకూ కళ్లకూ మధ్య.

మా ఆవిడ ప్రతి డబ్బాకూ చక్కగా లేబుల్ రాసింది. అమ్మ చూసి "అద్దాలు లేకుంటె నాకు కనవడయి, దసరా దీపాలు ఎందుల ఉన్నయో నేనెట్ల ఎరుక వట్టాలె?" అంది. సరేనని లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ డబ్బాలు ఆరు కొన్నాం. అమ్మ తనవాటి పిడులకు పాత చీర పీలికలు కట్టుకుంది: పసుపు దసరాకు, ఎరుపు పెళ్లి సామానుకు. లేబుళ్ల కన్నా అవే ముందు కనిపిస్తున్నాయి.

నిచ్చెన, పార, గడ్డపార పక్క గోడకు, సలాక వంచి చేసిన కొక్కేలకు. గుంటుకను పైన అడ్డంగా వేలాడదీశాం. దాన్ని ఎందుకు ఉంచుతున్నామో నాకు తెలియదు, ఎవరూ అడగలేదు.

"ఇంకా తేల్చనివి" అని ఒక డబ్బా మిగిలింది. ఒక్కటే.

2026 జనవరి 11

కారు లోపలికి వెళ్లింది! మూడుసార్లు ముందుకూ వెనక్కీ ఆడించాక. ఎక్కడ ఆపాలో తెలియడానికి పై నుంచి తాడుకు పెద్ద నట్టు వేలాడదీశాడు బాపు. అద్దం పగులుతుందని మా ఆవిడ మొత్తుకుంటే మావాడి రబ్బరు బంతి కట్టాం. బంతి అద్దానికి తగిలిందంటే వెనక ర్యాకుకు రెండున్నర అడుగులు ఉన్నట్టు.

దాచిన టైరు పనేంటో కూడా తెలిసింది. పట్టీలుగా కోసి, డోరు తెరిస్తే తగిలే ఎత్తులో పక్క గోడకు కొట్టాడు.

జనవరి 25

జగిత్యాల నుంచి అక్క ఫోను. మేడారం జాతర 28న మొదలు, వాళ్లు రేపే మా ఇంటికి వస్తున్నారు. మేనల్లుడికి నిరుడు జ్వరం తగ్గితే ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకుందట. అంటే పిల్లాడి బరువుకు సరిపడా బెల్లం.

"తమ్మీ, మనింట్ల తాత కాంటా ఉండె గద. షెడ్డు మంచిగ చేసినవట, దూలానికి కట్టి పిల్లగాన్ని ఇంట్లనే తూద్దం. నన్ను గూడ చిన్నప్పుడు దాంట్లనే తూచిండ్రు."

స్పీకర్ ఆన్‌లో ఉంది. బాపు పేపరు చదువుతున్నాడు, తల ఎత్తలేదు.

"లేదక్కా" అన్నా. "నేనే అమ్మేసిన."

అటు వైపు కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "సరే తియ్, బెల్లం దుకాన్ల తూపిద్దం" అంది.

ఫోను పెట్టాక బాపు పేపరు మడిచాడు. "ఎంతకు పోయింది?"

"ఇనుము రేటు. కిలో 28. తొమ్మిది కిలోలు ఉండొచ్చు."

మనసులో గుణించుకున్నట్టున్నాడు. లేచి షెడ్డులోకి పోయి, "ఇంకా తేల్చనివి" డబ్బా కిందికి దించి, మూత తీసి, దాన్ని తన మంచం పక్కన పెట్టుకున్నాడు. నేను వద్దనలేదు. సాయంత్రం కారు బయటికి తీసి వేపచెట్టు కింద పెట్టా, రేపు బావ వాళ్ల బండికి జాగా కావాలి.